అత్తయ్యగారు బీరువా తెరిచారు, నేను ఏడుపు ఆపేశాను

ప్రశ్న:

నమస్తే మేడమ్. నాకు 31 ఏళ్లు. మాది తణుకు. నాలుగేళ్ల బాబు ఉన్నాడు. వాడి తర్వాత రెండుసార్లు గర్భం నిలవలేదు. రెండోసారి అయిదో నెలలో పోయింది. అప్పట్లో మేం హైదరాబాద్‌లో, కూకట్‌పల్లిలో ఉండేవాళ్లం. నిద్ర పట్టక, ఊరికే గుండె దడగా ఉంటే మా గైనకాలజిస్టే ఒక కౌన్సెలర్ దగ్గరికి పంపారు. నాలుగు సిట్టింగ్‌లు వెళ్లాను. కాస్త తేలికపడింది. ఇంతలో మావారికి ట్రాన్స్‌ఫర్ అయి అత్తగారింటికి వచ్చేశాం. వీడియోలో కంటిన్యూ చేద్దామన్నారు కౌన్సెలర్ గారు. రెండు అయ్యాయి. మొదటిసారి నేను ఏడుస్తూ ఏదో చెబుతుండగా నెట్ పోయింది. స్క్రీన్ మీద ఆవిడ ముఖం అలాగే ఆగిపోయింది. మళ్లీ కలిసేసరికి "ఏం లేదు మేడమ్, పర్లేదు" అన్నాను. రెండోసారి మా అత్తయ్యగారు బట్టలు సర్దడానికి గదిలోకొచ్చి బీరువా తెరిచారు. నేను టక్కున ఏడుపు ఆపేసి, నవ్వు ముఖం పెట్టి, "హైదరాబాద్ ఫ్రెండ్ అత్తయ్యా" అన్నాను. మావారు మంచివారే కానీ, "ఫోన్లో మాట్లాడటానికి డబ్బులెందుకు? నాతో మాట్లాడు, ఫ్రీగా వింటా" అంటారు. అసలు ఇలా దూరం నుంచి చేసే కౌన్సెలింగ్ పనిచేస్తుందా? మాటలు బయటికి పోవా? ఇన్‌స్టాలో తక్కువకి చెప్పేవాళ్లు కనిపిస్తున్నారు, మారనా? డల్లాస్‌లో ఉన్న మా ఆడపడుచు కూడా తెలుగు కౌన్సెలర్ కావాలంటోంది, ఇక్కడినుంచి కుదురుతుందా? గురువారం నా సెషన్. వెళ్లాలో మానాలో తేల్చుకోలేకపోతున్నాను.

— ఒక పాఠకురాలు, తణుకు

జవాబు:

గురువారం సెషన్ మానకండమ్మా. ముందు ఆ మాట చెప్పేశాను కాబట్టి మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

పనిచేస్తుందా అని అడిగారు. వీడియోలో మొదటి రోజే మీకు ఏడుపొచ్చింది. అంటే ఆ తెర మీకు అడ్డం కాలేదు. ఒకసారి నెట్ అడ్డమొచ్చింది, ఒకసారి బీరువా అడ్డమొచ్చింది. ఈ రెండింటికీ మందుంది.

ఒకప్పుడు నేనూ నమ్మలేదు లెండి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడ్డాక, మా దగ్గరికి వచ్చేవాళ్లను నడిమధ్యలో వదిలెయ్యలేక, సణుక్కుంటూనే ఫోన్ పట్టుకున్నాను. మనిషి కూర్చున్న తీరు కనపడదు, కాలు ఊపుతున్నారో లేదో తెలియదు, ఇదేం కౌన్సెలింగ్ అనుకున్నాను. నెల తిరిగేసరికి నా గొంతు తగ్గింది. నా గదిలో నోరు విప్పని ఒకావిడ తన వంటగదిలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మొత్తం చెప్పేసింది. ఆమెకు నా ఆఫీసు కుర్చీ కన్నా తన పీటే ధైర్యమిచ్చింది. కరోనా పుట్టించిన వింత కూడా కాదిది. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలో 1959లోనే టీవీ తెరల మీద గ్రూప్ థెరపీ నడిపారు. డిప్రెషన్, ఆందోళన లాంటి వాటిలో, ఎదురెదురుగా కూర్చుని చేసిన థెరపీనీ వీడియోలో చేసినదాన్నీ పక్కపక్కన పెట్టి చూసిన పరిశోధనలు చాలానే ఉన్నాయి. మొత్తమ్మీద పెద్ద తేడా కనిపించలేదు. మీలా ముందు నాలుగుసార్లు ముఖాముఖి కలిసి, ఆ మనిషి మీద నమ్మకం కుదిరాక వీడియోకి మారినవాళ్లకు ఇంకా సులువు. అందుకే ఆవిడను వదులుకోవద్దంటాను.

మరి చిక్కెక్కడ? మా ఆఫీసు గదిలో ఏముందో ఒకసారి గుర్తు చేసుకోండి. రెండు కుర్చీలు, ఒక టిష్యూ డబ్బా, మూసిన తలుపు. కుర్చీలూ టిష్యూలూ ఎవరింట్లోనైనా దొరుకుతాయి. దొరకనిది ఆ తలుపు. మన ఇళ్లలో పగటిపూట కోడలు గది తలుపు వేసుకుంటే అదొక వార్త. జ్వరమొచ్చిందా, మొగుడితో గొడవా, పుట్టింటివాళ్లతో మాట్లాడుతోందా అని మూడు అనుమానాలు వరండాలో కూర్చుంటాయి. హైదరాబాద్‌లో ఆ తలుపు కౌన్సెలర్ గారు వేసేవారు. తణుకులో మీరు వేసుకోవాలి. అది వేసుకోవడం చేతగాలేదని మీరు కుంగిపోతున్నారు గానీ, అసలు ఎలా వెయ్యాలో ఎవరూ చెప్పలేదు. వీడియో మొదలుపెట్టే ముందు "మీరు ఎక్కడ కూర్చుంటారు, పక్కన ఎవరుంటారు" అని అడగాల్సింది మా వృత్తిలోవాళ్లమే. అడగలేదంటే గురువారం మీరే అడగండి. అవసరమైతే సగం సెషన్ దీనికే పెట్టండి. అది వృథా కాదు.

చోటు కన్నా ముందు టైము చూసుకోండి. మీ ఇంటి దినచర్య నాకు తెలియదు, మీకు తెలుసు. అత్తయ్యగారు గుడికి వెళ్లే వేళో, భోజనం చేసి నడుం వాల్చే వేళో, సీరియల్ వేళో ఒకటి ఉంటుంది. సీరియల్ వేళను తక్కువ చెయ్యకండి. హాల్లో టీవీ మోగుతుంటే గదిలో మాట బయటికి వినపడదు. ఎవరూ లేచి బీరువా దగ్గరికి రారు. బాబు బడిలో ఉండే టైమైతే మరీ మంచిది. రాత్రి అందరూ పడుకున్నాక మాత్రం వద్దు. ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు గుసగుస కూడా పక్కగదికి వినపడుతుంది. పైగా అంత ఏడ్చి పడుకుంటే మీకసలే రాని నిద్ర ఇంకా దూరమవుతుంది.

ఇయర్‌ఫోన్స్ ఉన్నాయిగా అనుకుంటారేమో. అవి కౌన్సెలర్ మాటల్ని దాస్తాయి, మీ మాటల్ని దాచవు. రెండు చెవులూ మూసుకుపోతే మనకు తెలియకుండానే గొంతు కూడా పెంచేస్తాం. ఒక చెవికే పెట్టుకోండి, రెండో చెవి గుమ్మం వైపు ఉంచండి. ఫ్యాన్ ఫుల్లుగా పెట్టండి. తలుపు అవతల, వీలైతే గుమ్మం దగ్గరే, రేడియోనో భక్తి పాటలో సన్నగా పెట్టండి. తలుపు సందులోంచి పోయే మాట ఆ పాటలో కలిసిపోతుంది.

ఎవరైనా గదిలోకి వస్తే ఏం చెయ్యాలో కూడా ముందే అనుకోండి. ఒక గుర్తు మాట పెట్టుకోండి, "ఎండలు బాగా ఉన్నాయి మేడమ్" లాంటిది. అది వినగానే ఆవిడ అవును, కాదు అని సరిపోయే ప్రశ్నలకు మారిపోవాలి, లేదా ఊరికే వాతావరణం మాట్లాడాలి. బీరువా మూసుకున్నాక మళ్లీ అసలు మాట. గుర్తు మాటుంటే మీరు టక్కున నవ్వు ముఖం పెట్టాల్సిన పనుండదు. మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టింది ఆ నవ్వేనమ్మా. ఏడుపుని అలా మింగేసి నవ్వాల్సి రావడం వల్ల రెండో సెషన్ మీకు లాభం కన్నా అలసటే ఎక్కువ ఇచ్చి ఉంటుంది.

ఇంట్లో అసలు కుదరకపోతే ఆగి ఉన్న కారు మంచి గది. తలుపులు నాలుగుంటాయి. కాకపోతే మీ గోదావరి జిల్లాల ఎండకి మధ్యాహ్నం కారు పొయ్యే కాబట్టి నీడ చూసుకోండి. డాబా మీద వాటర్ ట్యాంక్ పక్కన కూర్చుని ఏడాదిపాటు నాతో మాట్లాడిన కుర్రాడొకడున్నాడు. పక్కింటి డాబా మీద ఎవరైనా బట్టలు ఆరేస్తుంటే చెప్పేవాడు, ఆగేవాళ్లం. దగ్గరి స్నేహితురాలి ఇల్లు ఖాళీగా ఉంటే అది అన్నిటికన్నా మేలు. కాలువ గట్టు మీద నడుస్తూ మాట్లాడొచ్చా అంటే, హైదరాబాద్ పార్కులో అయితే సరేననేదాన్ని. తణుకులో ఫోన్ పట్టుకుని ఏడుస్తూ నడిచే మనిషిని నలుగురు చూస్తారు, మీరు ఇంటికి చేరేలోపు కబురు చేరుతుంది. ఇక బండి నడుపుతూనో, ఆటోలోనో సెషన్ వద్దే వద్దు.

ఇప్పుడు మీవారి సంగతి. "ఫ్రీగా వింటా" అన్నారంటే ఆయన మనసు మంచిది. ఆ మాటకి కోపం తెచ్చుకోకండి. కానీ ఒక్కటి ఆలోచించండి. అయిదో నెలలో పోయిన బిడ్డ ఆయనకీ బిడ్డే. మీరు చెప్పేది వినేటప్పుడు ఆయన సొంత దుఃఖం అడ్డం పడుతుంది. మీరు ఏడిస్తే ఆయనకు ఆపాలనిపిస్తుంది. "అయిపోయిందిగా, బాబున్నాడుగా" అంటారు. ఆయన ముఖం చూసి మీరూ సగం మింగేస్తారు. కౌన్సెలర్‌కి ఇచ్చే డబ్బు ఇందుకే. ఆ మనిషి ముఖం వాడిపోతుందేమోనని మీరు మాట మార్చుకోనక్కర్లేదు. ఈ పేరా ఆయనకు చదివి వినిపించినా నాకు అభ్యంతరం లేదు. ఆయన చెయ్యగలిగిన పెద్ద సాయం ఇంకొకటుంది: ఆ ముప్పావుగంట తలుపు దగ్గర కాపలా. శని, ఆదివారాలు కౌన్సెలర్‌కి కుదిరితే, ఆ టైముకి బాబునీ అమ్మనీ బజారుకి తీసుకెళ్లమనండి. వినడం కన్నా అది చాలామంది మగవాళ్లకు చేతనైన పని కూడా. ఎప్పుడైనా ఆయన కూడా ఒక సెషన్‌లో కూర్చుంటానంటే కౌన్సెలర్‌ని అడగండి. వీడియోలో ఉన్న సుఖమే అది. ఆయన బ్రాంచ్ నుంచో ఆఫీసు నుంచో, మీరు ఇంట్లోంచి, ముగ్గురూ మూడుచోట్ల ఉండి మాట్లాడుకోవచ్చు.

అత్తయ్యగారికి చెప్పాలా వద్దా అన్నది నేను తేల్చేది కాదు. ఆవిడ ఎలాంటి మనిషో మీకు తెలుసు. నాకు మాత్రం "హైదరాబాద్ ఫ్రెండ్" అబద్ధం నచ్చలేదు. తప్పని కాదు, పని చెయ్యదని. ఫ్రెండ్ ఫోనంటే మధ్యలో ఎవరైనా రావచ్చు, పిలవొచ్చు, "పెట్టేసి రా, పాలు పొంగుతున్నాయి" అనొచ్చు. "నిద్ర పట్టడం లేదని గైనకాలజిస్టు గారు పంపిన మేడమ్ అత్తయ్యా, వారానికోసారి ముప్పావుగంట మాట్లాడమన్నారు, మధ్యలో లేవకూడదట" అంటే? ఇందులో ఒక్క అబద్ధం లేదు. చెప్పింది సగమే, ఆ సగం చాలు. డాక్టరు చెప్పిందంటే మన పెద్దవాళ్లు మాత్ర వేసుకునే టైమంత ఖచ్చితంగా పాటిస్తారు. కొందరు ఇంకో నాలుగు ప్రశ్నలు అడుగుతారు, అదీ నిజమే. "నిద్ర గురించి" అని అక్కడే ఆగండి. ఒకవేళ ఆ ఇంట్లో మీ మాట వినపడితే తిట్లో దెబ్బలో తప్పవనే భయం ఉండి, అది ఉత్తరంలో రాయలేకపోయి ఉంటే, అప్పుడు నేనిచ్చిన ఈ సలహా పక్కన పెట్టండి. ఇంటి నుంచి సెషన్ చెయ్యకండి. ఆ సంగతి కౌన్సెలర్‌కి ముందు చెప్పండి. 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు గుర్తుంచుకోండి.

వీడియోనా, ఉత్త ఫోనా? మీరు సూటిగా అడగలేదు గానీ ఇది తెలియాలి. వీడియోలో మనల్ని ఎక్కువ అలసిపెట్టేది అవతలి మనిషి ముఖం కాదు, మూలన చిన్న డబ్బాలో కనిపించే మన ముఖం. మామూలుగా ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు ఎదురుగా అద్దం పెట్టుకోం కదా. ఏడుస్తూ జుట్టు సరిచేసుకోవడం చాలామందిలో చూశాను. దాన్ని దాచేసే సెట్టింగ్ చాలా యాప్‌లలో ఉంది. లేకపోతే ఆ మూలకి ఒక చిన్న కాగితం ముక్క అంటించండి, చాలు. ఫోన్ చేత్తో పట్టుకోవద్దు. పది నిమిషాలకు చెయ్యి లాగుతుంది, మీ ముఖం ఆవిడకు పడవలో ఉన్నట్టు ఊగుతూ కనిపిస్తుంది. గట్టి డబ్బా ఏదైనా పెట్టి దానికి ఆనించండి. కంటి ఎత్తులో ఉంటే చాలు. కిటికీ మీ వెనక కాకుండా ముందు ఉండాలి, లేకపోతే ఆవిడకు మీ ముఖం బదులు నల్లటి నీడ కనిపిస్తుంది.

కొన్ని మాటలు మాత్రం ముఖం కనపడకుండా చెప్పడమే తేలిక. మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ తన దగ్గరికొచ్చినవాళ్లను సోఫా మీద పడుకోబెట్టి, తను వాళ్ల తల వెనక, కంటికి కనపడకుండా కూర్చునేవాడు. ఉత్త ఫోన్ కాల్ అంటే దాదాపు అదే. మీరు గోడవైపు తిరిగి, కళ్లు మూసుకుని, చెప్పాల్సింది చెప్పొచ్చు. నెట్ బలహీనంగా ఉన్న ఇంట్లో అది ఇంకా నయం. ఒక్క చిక్కుంది: మౌనం. గదిలో ఇద్దరూ ఒక నిమిషం ఊరుకుంటే ఆ నిమిషంలోనే చాలా జరుగుతుంది. ఫోన్‌లో అయిదు సెకన్లు ఊరుకుంటే "హలో? హలో, ఉన్నారా?" అంటాం. లైను తెగిందేమోనని అవతలివాళ్ల కంగారు. కాబట్టి "నేను ఊరుకుంటే లైను పోయినట్టు కాదు మేడమ్, ఆలోచిస్తున్నట్టు" అని ముందే చెప్పండి. మధ్యమధ్యలో "ఊఁ" అనమని ఆవిడను అడగండి. నేనైతే మూడు నాలుగు ఫోన్ సెషన్లకు ఒకసారైనా వీడియో పెట్టమంటాను. మనిషి చిక్కారా, కళ్ల కింద నలుపు పెరిగిందా అన్నది గొంతులో తెలియదు.

లైను నిజంగానే తెగితే? ఇది రెండు వాక్యాల ఒప్పందం. తెగితే ఎవరు చెయ్యాలి, ఎన్ని నిమిషాలు చూడాలి. "రెండు నిమిషాల్లో వీడియో కలవకపోతే నేనే మామూలు కాల్ చేస్తాను, మీరు చెయ్యొద్దు" అని నేను అందరికీ చెబుతాను. ఇద్దరూ ఒకేసారి చేస్తే ఇద్దరికీ బిజీ వస్తుంది, ఏడుస్తున్న మనిషికి ఆ బిజీ టోన్ ఎంత చేదో. సెషన్‌కి ముందు ఛార్జింగ్ చూసుకోండి. ఫోన్‌ని డు నాట్ డిస్టర్బ్‌లో పెట్టండి. మధ్యలో మామూలు కాల్ వస్తే వీడియో ఆగిపోతుంది, గ్యాస్ బుకింగ్ వాడికి మీ దుఃఖంతో పనిలేదు. ఆ టైములో ఇంట్లో ఇంకెవరూ అదే వైఫై మీద వీడియోలు చూడకుండా ఉంటే ఇంకా మంచిది. ఇలా తెగిన నిమిషాలకు టైము కలిపి ఇస్తారా అన్నది కూడా మొహమాటపడకుండా అడగండి.

మాటలు బయటికి పోతాయా అన్న భయం గురించి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 23వ సెక్షన్ మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది. ఫోన్‌లో చేసినా గదిలో చేసినా అదే లెక్క. మినహాయింపులు కొన్నే: మీకుగానీ ఇంకొకరికిగానీ ప్రాణహాని ఉన్నప్పుడు, కోర్టు అడిగినప్పుడు, అలాంటివి. పిల్లల మీద లైంగిక హింస జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం చెప్పి తీరాలి. మీ అనుమతి లేకుండా మీ భర్తకు కూడా చెప్పకూడదు. "రికార్డు చేస్తున్నారా? మీ పక్కన ఎవరైనా ఉన్నారా? నోట్సు ఎక్కడ పెడతారు?" ఈ మూడూ అడగండి. మంచి కౌన్సెలర్ నొచ్చుకోరు. నేను చూసినంతవరకు మాటలు బయటికి పోయేది ఎక్కువగా కౌన్సెలర్ వైపు నుంచి కాదు, మన ఫోన్ నుంచే. బాబు కార్టూన్ చూస్తుండగా పైన మెసేజ్ జారుతుంది: "రేపటి సెషన్ గుర్తుందా?" పక్కన కూర్చున్న పెద్దావిడ చదువుతారు. నోటిఫికేషన్లో మెసేజ్ కనపడకుండా పెట్టుకోండి. అక్కడితో ముక్కాలు భయం తీరుతుంది.

ఇన్‌స్టాలో తక్కువకి చెప్పేవాళ్లకు మారనా అన్నారు. వద్దు. మన దేశంలో "కౌన్సెలర్" అని ఎవరైనా బోర్డు పెట్టుకోగలరు. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ పైన సైకియాట్రీ చదివిన డాక్టరు, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్ట్‌కి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. మందులు రాయరు, థెరపీ చేస్తారు. సైకాలజీలో ఎమ్మే, ఎమ్మెస్సీ చేసి శిక్షణ తీసుకున్న మంచి కౌన్సెలర్లూ ఉన్నారు. ఏం చదివారు, ఎవరి పర్యవేక్షణలో పనిచేశారు అని అడిగితే చెబుతారు. రెండు రోజుల ఆన్‌లైన్ కోర్సు సర్టిఫికెట్ చూపించేవాళ్లకు బిడ్డను పోగొట్టుకున్న దుఃఖాన్ని అప్పగించకండి. డబ్బే ఇబ్బందైతే ఇప్పుడున్నావిడతోనే ఆ మాట చెప్పండి. ఫీజు తగ్గించేవాళ్లుంటారు, వారానికి బదులు రెండు వారాలకోసారి పెట్టుకోవచ్చు. ప్రభుత్వానిది టెలిమానస్ అని మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416. 2022 అక్టోబర్ 10న మొదలైంది. తెలుగులో మాట్లాడతారు, 24 గంటలూ, ఉచితం. రాత్రి రెండింటికి దడ పుట్టి, గురువారం ఇంకా అయిదు రోజులుందనిపిస్తే దానికి చెయ్యండి. అయితే ఆ టైముకి డ్యూటీలో ఉన్నవాళ్లు ఎత్తుతారు, మీ కథ మళ్లీ మొదటినుంచి చెప్పాల్సి రావచ్చు. మీ కౌన్సెలర్‌కి బదులుగా కాక, తోడుగా వాడుకోండి.

నిద్ర, దడ అలాగే ఉంటే మందు కావాలని కౌన్సెలర్ అనొచ్చు. డాక్టర్లు వీడియోలో చూసి మందు రాయడానికి 2020 మార్చి 25 నుంచి దేశంలో నియమాలున్నాయి. కొన్ని మందులకు మొదటిసారి వీడియోలో చూసి తీరాలి. మత్తుమందుల చట్టం కిందకొచ్చేవి, ఔషధ నియమాల్లో గట్టి ఆంక్షలున్న షెడ్యూల్ ఎక్స్ మందులు ఇలా రాయనే కూడదు. అడగగానే ఏదైనా రాసిచ్చే ఫోన్ డాక్టర్‌ను నమ్మకండి.

ఇంకొకటి, మీకు అవసరం రాకూడదనే కోరుకుంటూ చెబుతున్నాను. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తున్నా, ఎవరూ లేనప్పుడు మాటలు వినిపిస్తున్నా, తిండీ స్నానం మానేసే దాకా వచ్చినా వీడియో ఒక్కటే చాలదు. ఎదురుగా డాక్టర్ చూడాలి. మీకు కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. విశాఖలో, హైదరాబాద్ ఎర్రగడ్డలో ప్రత్యేక ఆసుపత్రులే ఉన్నాయి. ఆ క్షణానికి 14416, ప్రమాదం ముంచుకొస్తే 108. ఇందుకే కౌన్సెలర్ ప్రతిసారీ "ఇప్పుడు ఎక్కడున్నారు?" అని అడిగితే విసుక్కోకండి. నాలుగొందల కిలోమీటర్ల అవతల కూర్చున్న మనిషి మీ దగ్గరికి పరిగెత్తి రాలేదు. ఎవరిని పంపాలో తెలియాలి. ఇంటి అడ్రసు, మీవారి నంబరు ఆవిడ దగ్గర ఉంచండి.

మీ ఆడపడుచు సంగతి చిన్నదిగా. అమెరికాలో థెరపీ లైసెన్స్ రాష్ట్రాలవారీగా ఉంటుంది, థెరపీ తీసుకునే మనిషి ఎక్కడ కూర్చుంటే ఆ రాష్ట్రానిది కావాలి. ఆమె డల్లాస్‌లో ఉంటే టెక్సాస్‌లో చెల్లే లైసెన్స్ ఉండాలి. అందుకని హైదరాబాద్ నుంచి చాలామంది మంచి థెరపిస్టులు ఒప్పుకోరు, ఒప్పుకున్నా అక్కడి ఇన్సూరెన్స్ డబ్బివ్వదు, ఏదైనా అత్యవసరం వస్తే ఇక్కడివాళ్లు చెయ్యగలిగేదీ తక్కువ. అక్కడ లైసెన్స్ ఉండి తెలుగు వచ్చినవాళ్లు దొరుకుతారు, థెరపిస్టుల డైరెక్టరీల్లో భాష పెట్టి వెతకమనండి. వేరే ఊళ్లో ఉన్నా వీడియోలో చూస్తారు. భాష పట్టింపు ఉండటం తప్పు కాదు. ఆఫీసులో రోజంతా ఇంగ్లీషులో నెగ్గుకొచ్చే పిల్లకి కూడా "నాకు దిగులుగా ఉంది" అన్న మాటకి సరైన ఇంగ్లీషు దొరకదు. ఈలోగా ఇక్కడివాళ్లతో ఉత్తినే మాట్లాడాలనుకుంటే, డల్లాస్‌తో మనకు తేడా ఎండాకాలం పదిన్నర గంటలు, చలికాలం పదకొండున్నర. మార్చిలో, నవంబర్లో వాళ్ల గడియారం మారినప్పుడు ఇద్దరూ చెరో గంటలో కూర్చుని ఎదురుచూస్తారు, అది గుర్తుపెట్టుకోమనండి.

మళ్లీ మీ దగ్గరికి. కూకట్‌పల్లిలో ఉన్నప్పుడు సెషన్ అయ్యాక ఇంటికెలా వచ్చేవారు? మెట్రోలోనో ఆటోలోనో, అరగంటో ముప్పావుగంటో. ఎవరూ పలకరించని జనంలో కిటికీలోంచి చూస్తూ. ఆ అరగంట ఎవరూ ఫీజులో లెక్క కట్టరు గానీ, చెప్పుకున్నది లోపల సర్దుకునేది అప్పుడే. వీడియోలో అది ఎగిరిపోయింది. కాల్ కట్ చేసిన మరు నిమిషం కుక్కర్ మూడో విజిల్, బాబు "అమ్మా, ఆకలి". గుండె ఇంకా అక్కడే ఉంటుంది, చేతులు పప్పు ఎనుపుతుంటాయి. ఆ రోజంతా చిరాకు, ఎందుకో తెలియదు, బాబు మీద అరుస్తారు, మళ్లీ దానికి బాధ. ఇది మీకు జరిగే ఉంటుందని పందెం కాస్తాను. సెషన్‌ని మొత్తం గంటంపావు అనుకోండి. చివరి అరగంట మీది. ముఖం కడుక్కుని వీధి చివరి దాకా నడిచి రండి, మొక్కలకు నీళ్లు పొయ్యండి, ఊరికే కూర్చోండి. బడి వదిలే టైముకి ముందు సెషన్ పెట్టుకుంటే, వాణ్ణి తీసుకురావడానికి నడిచి వెళ్లే దారి మీకు మెట్రో అవుతుంది. వంట మాత్రం ముందే అయిపోయి ఉండాలి.

గురువారం కూర్చోగానే చోటు సంగతి, గుర్తు మాట సంగతి, లైను తెగితే ఎవరు చెయ్యాలన్న సంగతి పది నిమిషాల్లో తేల్చెయ్యండి. తర్వాత ఇంకొక్కటి. మొదటిసారి నెట్ పోయినప్పుడు మీరు ఏడుస్తూ ఏదో చెబుతున్నానని రాశారు. ఏం చెబుతున్నారో నాకు రాయలేదు. మళ్లీ కలిశాక "ఏం లేదు" అని ఆవిడకీ చెప్పలేదు. "మేడమ్, ఆ రోజు లైను తెగినప్పుడు నేనొక మాట మధ్యలో ఉన్నాను" అని అక్కడినుంచి మొదలుపెట్టండి.